ఏడు గేట్ల బాట

తారు రోడ్డు దిగినాక
మున్సిపాలిటీకి మేం తెలీదు.
అక్కడి నుంచి రెండు కిలోమీటర్ల మూడొందల మీటర్లు,
వఫ్రాలో ఏడు తోటలు, ఏడు గేట్లు,
నడుమ ఒక మట్టిబాట.

తోజు లేచిన మర్నాడు అదీ ఉండదు.
అతల్ చెట్ల వరస చూసి
ఇక్కడే ఉండాల అనుకున్న చోట
పార దించుతాం.

నా పేరు పెంచలయ్య. మూడో గేటు.
దోసకాయల షెడ్లు, నలభై గొర్రెలు, ఒక జనరేటరు,
వాటితోపాటు ఈ బాట లెక్కల పుస్తకం కూడా నాదే.
నా చేతిరాత బాగుంటాదని మా బాబా అంటగట్టినాడు.
ఆయనకు తెలుగు రాదు. ఎట్ల తెలిసిందో.

ఏడాదికొకసారి, ఖర్జూరం దించినాక,
రెండో గేటు దివానియాలో కూర్చుంటారు యజమానులు.
మొదటి గేటు అబూ ఫవాజ్ అంటాడు:
"నా కారు రెండొందల మీటర్లు తిరిగితే ఇల్లు.
ఆ చివరి గచ్చుకు నేనెందుకియ్యాల?"
ఏడో గేటాయన అంటాడు:
"నీ ముంగిట గుంట పడితే
నలిగేది నా టమాటాలే గదా."
ఐదో గేటాయన ఫోన్లోంచి తలెత్తడు.
ఆయన నీళ్ల ట్యాంకర్లు రోజుకు ఆరు,
బాటను విరిచేది అవే. అందరికీ తెలుసు.
ఆయన ఇద్దరికి బావమరిది. అదీ అందరికీ తెలుసు.

గావా పోస్తా వింటుంటే
ఆ అరబ్బీలో మా నాయన గొంతు వినపడతాది.
బండిబాటలో మా పెదనాయన జానెడు కలుపుకున్నాడని
పదకొండేండ్లు రాజంపేట కోర్టు మెట్లెక్కిన గొంతు.
తీర్పు వచ్చేనాటికి ఎద్దుల్లేవు, బండీ లేదు,
బాట నిండా కంపచెట్లు.
గెలిచినాడు.

ఇక్కడ కోర్టు దాకా పోదు.
సబ్రీ అని ఈజిప్టు గుమాస్తా,
పొడవును బట్టి ఇంత, చక్రాలను బట్టి ఇంత అని
కాగితం మీద న్యాయంగానే గీస్తాడు.
ఎవరూ ఒప్పుకోరు.
చివరికి ఏడు సమాన పాళ్లు, తలా తొంభై దినార్లు.
ఆరుగురిస్తారు.

నాలుగో గేటుకు రెండేండ్లుగా తాళం.
ఉమ్ దారీ ఇయ్యదు, రాదు, ఫోనెత్తదు.
కానీ పడమటి ఇసుకను ఆపేది ఆమె అతల్ చెట్లే.
గుర్మేజ్ ట్యాంకరు అడుగున మిగిలిన నీళ్లు
వాటి మొదట్లో వదలమని నేనే చెప్పినా.
పుస్తకంలో ఆమె వరసలో తొంభైకి బదులు
"చెట్లు" అని రాస్తా.
మా బాబా అడిగితే, అది తెలుగు లెక్క అంటా.

ఆ డబ్బుతో గ్రేడరు రెండుసార్లు వస్తాది.
గచ్చు పోసి, నీళ్లు కొట్టి, తొక్కి పోతాది.
గచ్చు! ఈ మాట ఇక్కడా ఇదే.
మొదటిసారి విన్నప్పుడు పార కిందపెట్టి
సబ్రీని మళ్ళీ అనమన్నా.
"గచ్చు," అన్నాడు విసుగ్గా.
ఎర్రటెండలో నా అరికాళ్లకు
మా అవ్వ వంటింటి నేల చల్లగా తగిలింది.

మిగతా ఏడాదంతా మేమే.
శుక్రవారం తెల్లారుజామున
గేటుకొకడు, పారకొకడు.
మొక్లెస్ గుంట పూడుస్తా ఏదో పాడతాడు,
దుమ్ము నోట్లో పడితే ఉమ్మి
అక్కడి నుంచే మళ్ళీ ఎత్తుకుంటాడు.

పోయిన జనవరిలో, వాన రాత్రి,
ఆరో గేటు సూడానీ ముసలాయనకు గుండె పట్టింది.
అంబులెన్సు వాళ్లు ఫోన్లో అడిగినారు:
"ఏ రోడ్డు?"
ఏం చెప్పాల?
తారు మలుపులో టార్చి పట్టుకొని నేను,
తర్వాత గేటుకొక టార్చి.
మోకాలి లోతు నీళ్లలో
బాట ఎక్కడుందో మా కాళ్లకే తెలుసు.
ఆయన బతికినాడు. ఇప్పుడు ఉల్లిగడ్డలు నాటుతున్నాడు.

ఈసారి దివానియాలో అందుకే
బాటకు పేరు పెట్టాలన్నారు.
ఒకాయన తాత పేరన్నాడు, ఇంకొకాయన ముత్తాత పేరు.
ఐదో గేటాయన మొదటిసారి తలెత్తి
తన ఒంటె పేరు చెప్పినాడు.
గావా చల్లారింది.

గుర్మేజ్ ఫోన్లో మ్యాపు మీద
ఈ గీతకు "పెంచల్ రోడ్" అని ఎప్పుడో పెట్టుకున్నాడు.
కోళ్ల దాణా బండోడూ అదే చూసి వస్తాడు.
నేను నోరు విప్పలేదు.
పుస్తకంలో రాసినా:
పేరు – వాయిదా.
గ్రేడరు బాకీ – నలభై.
పారలు రెండు విరిగినాయి.